పాత 34401ఏ మీటరు, సీరియల్ పోర్టు: సెల్ వోల్టేజీలు రాత్రంతా లాగ్ చేయాలంటే కమాండ్లు ఏ వరసలో పంపాలి?

మూడులాంతర్లు_బ్యాటరీ (విజయనగరం)

అందరికీ నమస్కారం. మూడు లాంతర్ల దగ్గర మాది ఈ-ఆటో బ్యాటరీలు విప్పి బాగుచేసే షాపు. ప్యాకుల్లోంచి తీసిన పాత ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌ని ఫుల్ చార్జి చేసి, కొన్నాళ్లు అలాగే వదిలేసి, ఏది తనంతట తనే దిగిపోతోందో చూసి పక్కన పెడతాం. ఇప్పటిదాకా చేతి మీటరుతో పొద్దున్న ఓసారి, సాయంత్రం ఓసారి చూసి పుస్తకంలో రాసుకుంటున్నాం. చేతి మీటర్లో 3.33 అంటే 3.33, అంతే. సెల్ పాడైందని తేలేసరికి రోజులు గడిచిపోతున్నాయి. ఈలోగా ఆటో అతను రోజూ వచ్చి అడుగుతుంటాడు, అతనికి బండి తిరిగితేనే ఇల్లు గడిచేది.

అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఓ హ్యూలెట్-ప్యాకార్డ్ 34401ఏ బెంచ్ మీటరు కొన్నాను. ఆరున్నర అంకెలది. వెనకాల జీపీఐబీ (కొలత పరికరాలను కంప్యూటరుకు కలిపే తీగల కట్ట, బస్సు అంటారు), ఆర్‌ఎస్-232 (సీరియల్ పోర్టు) రెండూ ఉన్నాయి. జీపీఐబీ అడాప్టరు ధర చూశాక సీరియల్‌తోనే కానిద్దామని యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ పెట్టాను. పైథాన్‌లోంచి *ఐడీఎన్? (నువ్వెవరని మీటరును అడిగే కమాండు) పంపితే జవాబు రావట్లేదు. ఒక్కోసారి మీటరు తెర మీద ఎర్రర్ గుర్తు మాత్రం వెలుగుతోంది.

ఎనిమిది చానెళ్ల రిలే బోర్డు కూడా ఉంది. సెల్స్ నెగటివ్‌లన్నీ కలిపి మీటరు ఎల్‌ఓ టెర్మినల్‌కి ఇచ్చాను, పాజిటివ్‌లు ఒక్కో రిలే మీదుగా హెచ్‌ఐకి వెళ్తాయి. సెల్స్ విడివిడిగానే ఉన్నాయి, సిరీస్‌లో లేవు. రాత్రి షాపు కట్టేశాక కూడా వరసగా ఒక్కో సెల్ చదివి ఫైల్‌లో రాయాలి. దయచేసి మొదటి నుంచి చెప్పండి.

నిర్వాహకులు

శీర్షిక కాస్త సరిచేశాం. కమాండ్లు వేదిక పద్ధతి ప్రకారం తెలుగు లిపిలోనే రాయండి. మీటరుకు పంపేటప్పుడు మాన్యువల్‌లో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి. మాన్యువల్ పెద్దక్షరాల్లో చూపే భాగం పంపితే చాలు.

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు (శ్రీకాకుళం జిల్లా)

తమ్ముడూ, ముందు కేబుల్ సంగతి చూడు. ఈ మీటరు పోర్టు, కంప్యూటరు పోర్టు రెండూ డీటీఈ రకమే, అంటే రెండూ ఒకే పిన్ను మీద పంపుతాయి. మధ్యలో నేరు కేబుల్ పెడితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, వినేవాడు ఉండడు. నల్ మోడెమ్ కేబుల్ కావాలి. 2, 3 పిన్నులు ఒకదానికొకటి మారాలి. 4, 6 కూడా అలాగే మారాలి. 5 నేరుగా వెళ్లాలి. చాలామంది మూడు తీగలతో కేబుల్ కట్టేసి 4, 6 వదిలేస్తారు. ఈ మీటరు డీటీఆర్, డీఎస్‌ఆర్ ('నేను సిద్ధం' అని చెప్పుకునే 4, 6 పిన్నుల సంకేతాలు) చూసుకుని గానీ జవాబు వదలదు, కాబట్టి ఆ రెండూ తప్పనిసరి.

రెండోది, ముందు ప్యానెల్ మెనూలో ఇంటర్‌ఫేస్‌ని ఆర్‌ఎస్-232కి మార్చావా? ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అది జీపీఐబీ మీద, అడ్రస్ 22లో ఉంటుంది. రెండు పోర్టులూ ఒకేసారి పనిచేయవు. స్పీడు 9600, ఈవెన్ ప్యారిటీ, 7 డేటా బిట్లు, 2 స్టాప్ బిట్లు. పైథాన్‌లో ఏమీ చెప్పకపోతే ప్యారిటీ లేకుండా 8 బిట్లు, 1 స్టాప్ బిట్ తీసుకుంటుంది. నీ ఎర్రర్ గుర్తు అక్కడిదే అయ్యుంటుంది. ప్యానెల్‌లో ఎర్రర్ నంబరు చదువు. 511 వస్తే ఫ్రేమింగ్, 513 వస్తే ప్యారిటీ. ఈ రెంటిలో ఏది కనబడినా కమాండు జోలికి వెళ్లకు, సెట్టింగులే చూడు.

రాజాం_మాస్టారు

పైడిభీమవరం బాబు చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒకటి కలపాలి. సీరియల్ మీద ఈ మీటరు ఆన్ చేయగానే లోకల్ మోడ్‌లో, అంటే ముందు ప్యానెల్ బటన్ల మాటే వినే స్థితిలో ఉంటుంది. అన్నిటికంటే ముందు సిస్టమ్:రిమోట్ పంపాలి. పంపకుండా కొలత కమాండ్లు ఇస్తే 550 ఎర్రర్ వస్తుంది, లోకల్‌లో ఉండగా ఈ కమాండు కుదరదని దాని భావం. జీపీఐబీలో ఈ పని బస్సులోని ఒక తీగే చేసేస్తుంది. అందుకే జీపీఐబీకి రాసిన ఉదాహరణల్లో ఈ లైను కనబడదు. ఆ ప్రోగ్రాములు కాపీ చేసుకుని సీరియల్‌లో పెట్టిన పిల్లలు అక్కడే ఆగిపోవడం ల్యాబులో చాలా ఏళ్లు చూశాను.

కమాండ్ల తీరు కూడా ఇప్పుడే పట్టుకో బాబూ, తర్వాత పని తేలికవుతుంది. బస్సుకు 1975లో ఐఈఈఈ 488 ప్రమాణం వచ్చింది. తీగలు, సంకేతాలు అందులో ఉన్నాయి గానీ ఆ తీగల మీద ఏం మాట్లాడాలో లేదు. ఒక్కో కంపెనీ ఒక్కో భాష పెట్టుకుంది. 1987లో 488.2 వచ్చి నక్షత్రం గుర్తుతో మొదలయ్యే కమాండ్లను అందరికీ ఒకటి చేసింది. *ఐడీఎన్?, *ఆర్‌ఎస్‌టీ (రీసెట్), *సీఎల్‌ఎస్ (పాత ఎర్రర్లు తుడవడం), *ఓపీసీ? (పని అయిందా అని అడగడం) అలా వచ్చినవే. కొలతల కమాండ్లకు 1990లో ఎస్‌సీపీఐ వచ్చింది. కోలన్లతో చెట్టు కొమ్మల్లా దిగేవి అవి. ఇది తెలిస్తే లాభమేమిటంటే, రేపు నువ్వు ఏ కంపెనీ మీటరు కొన్నా నక్షత్రం కమాండ్లు మారవు, కోలన్ల కమాండ్లు మాత్రం ఆ మీటరు మాన్యువల్లో సరిచూసుకోవాలి.

సెమీకోలన్ దగ్గర జాగ్రత్త. ట్రిగ్గర్:డిలే 1;కౌంట్ 10 అని రాస్తే రెండోది ట్రిగ్గర్ కొమ్మ మీదే ఉన్నట్టు లెక్క, అంటే ట్రిగ్గర్:కౌంట్. వేరే కొమ్మకు వెళ్లాలంటే సెమీకోలన్ తర్వాత మళ్లీ కోలన్ పెట్టాలి, ట్రిగ్గర్:కౌంట్ 1;:శాంపుల్:కౌంట్ 1 అన్నట్టు. ఆ కోలన్ వదిలేస్తే -113, తెలియని హెడర్ అంటుంది. కొత్తవాళ్లు ఒక్కో కమాండు ఒక్కో లైనులో పంపుకోవడం మేలు.

ఎచ్చెర్ల_పైథాన్

అన్నా, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా ల్యాబులో ఇదే మీటరు పైవీసాతో (కొలత పరికరాలతో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) నడుపుతున్నాం. రెండు మాటలు.

లైను చివర లైన్‌ఫీడ్ పంపాలి. మీటరు జవాబు చివర క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్ రెండూ వస్తాయి. చదివే వైపు ఆ రెండూ టెర్మినేషన్‌గా పెట్టకపోతే అంకె పక్కన కనిపించని అక్షరం మిగిలిపోయి ఫైలు పాడవుతుంది.

పైవీసాలో టైమవుట్ ఏమీ చెప్పకపోతే 2 సెకన్లే. కొలత అంతకన్నా ఎక్కువసేపు తీసుకుంటే మీటరు బాగానే ఉన్నా ప్రోగ్రాం ఆగిపోతుంది. 10 సెకన్లు పెట్టు. లినక్స్ అయితే డీటీఆర్, డీఎస్‌ఆర్ హ్యాండ్‌షేక్ డ్రైవరు చూసుకోదు, కాబట్టి ప్రశ్న పంపాక జవాబు పూర్తిగా చదివి, ఆ తర్వాతే ఇంకో కమాండు పంపాలి. కమాండ్లు గుట్టగా ఒకేసారి తోసేయకూడదు.

మూడులాంతర్లు_బ్యాటరీ

అందరికీ దండాలు. కేబుల్ మూడు తీగలదే. నల్ మోడెమ్ కేబుల్ తెచ్చి, ఈవెన్ ప్యారిటీ 7 బిట్లు పెట్టి, సిస్టమ్:రిమోట్ పంపాక *ఐడీఎన్?కి వెంటనే జవాబు వచ్చింది. హ్యూలెట్-ప్యాకార్డ్, 34401ఏ, సున్నా, ఆ తర్వాత వెర్షన్ నంబర్లు.

ఇప్పుడు లూప్‌లో ఇలా చేస్తున్నాను: రిలే వేయి, మెజర్:వోల్టేజ్:డీసీ? పంపు, జవాబు రాయి, రిలే తీయి, తర్వాతి సెల్. పనిచేస్తోంది గానీ ప్రతి కొలతకూ మీటరు లోపల టక్కుమంటోంది, నెమ్మదిగా ఉంది. పైగా ఇన్‌పుట్:ఇంపెడెన్స్:ఆటో ఆన్ (మీటరు ఇన్‌పుట్ నిరోధాన్ని పెంచే కమాండు) మొదట్లో ఒకసారి ఇచ్చినా, తర్వాత అడిగితే 0 అంటోంది. ఎవరు మారుస్తున్నారు?

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు

మెజర్ కమాండే మారుస్తోంది. అది ఒక్క కమాండులా కనిపిస్తుంది గానీ లోపల మూడు పనులు చేస్తుంది: మీటరును కాన్ఫిగర్ చేస్తుంది, ట్రిగ్గర్ ఇస్తుంది, జవాబు పంపుతుంది. కాన్ఫిగర్ చేసినప్పుడల్లా పాతవన్నీ కడిగేస్తుంది. ట్రిగ్గర్ సోర్సు ఇమ్మీడియెట్, శాంపుల్ కౌంట్ 1, ట్రిగ్గర్ డిలే ఆటో, మ్యాథ్ ఆఫ్, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ మళ్లీ 10 మెగాఓమ్‌లు. రేంజి చెప్పలేదు కాబట్టి ఆటోరేంజి కూడా. రిలే తీశాక ఖాళీ ఇన్‌పుట్ చూసి కింది రేంజికి దిగుతుంది, సెల్ తగలగానే మళ్లీ ఎక్కుతుంది. నీకు వినిపించే టక్కు అదే.

వరస ఇలా పెట్టు:

సిస్టమ్:రిమోట్
*ఆర్‌ఎస్‌టీ
*సీఎల్‌ఎస్
కాన్ఫిగర్:వోల్టేజ్:డీసీ 10
సెన్స్:వోల్టేజ్:డీసీ:ఎన్‌పీఎల్‌సీ 10
ఇన్‌పుట్:ఇంపెడెన్స్:ఆటో ఆన్
ట్రిగ్గర్:సోర్స్ ఇమ్మీడియెట్
సిస్టమ్:ఎర్రర్?

ఇదంతా ఒక్కసారి. ఆ తర్వాత లూప్‌లో రీడ్? ఒక్కటే. కాన్ఫిగర్ ఎప్పుడూ ముందే ఉండాలి. మిగతా సెట్టింగులు దాని తర్వాతే రావాలి, లేకపోతే నువ్వు పెట్టింది అది తుడిచేస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ 3.3 దగ్గర ఉంటుంది, 1 వోల్టు రేంజి 1.2 దాకానే, అందుకే 10.

చివర సిస్టమ్:ఎర్రర్? మరచిపోకు. +0 అని వస్తేనే ముందుకెళ్లు. మీటరు ఎర్రర్లను ఇరవై దాకా వరసలో దాచుకుంటుంది, అడిగినప్పుడు పాతది ముందు ఇస్తుంది. కాబట్టి +0 వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. మా దగ్గర ఏ ప్రోగ్రామైనా ఈ అడుగు లేకుండా షిఫ్టుకి ఇవ్వం. కమాండులో ఒక అక్షరం పోతే మీటరు ఎర్రర్ గుర్తు వెలిగించడమే తప్ప ఆగదు, పాత సెట్టింగుతోనే చక్కగా అంకెలు ఇస్తూ పోతుంది. పొద్దున్న ఫైలు చూస్తే అంతా నిండుగా, అందంగా ఉంటుంది, ఒక్క అంకె కూడా పనికిరాదు.

పలాస_రిపేర్లు

ఏటి గురూ, ఎన్‌పీఎల్‌సీ 10 ఎందుకు, 100 పెట్టేస్తే ఇంకా బాగుంటది కదా? ఎలగూ రాత్రంతా ఉంది.

రాజాం_మాస్టారు

మంచి ప్రశ్న. ఎన్‌పీఎల్‌సీ అంటే ఒక్కో కొలతను కరెంటు లైను ఎన్ని చుట్లు తిరిగేదాకా పోగుచేయాలన్న లెక్క. మన 50 హెర్ట్జ్‌లో ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. పూర్ణ సంఖ్యలో చుట్లు తీసుకుంటే లైను నుంచి ఎక్కిన 50 హెర్ట్జ్ గోల పైభాగం, కింది భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 0.2, 0.02 పెడితే వేగం వస్తుంది గానీ ఆ గోల అంకెల్లోకి దిగుతుంది. షాపులో చార్జర్లు, ఫ్యాన్లు తిరుగుతుంటే 1కి తక్కువ పెట్టొద్దు.

10 పెడితే పోగు 200 మిల్లీసెకన్లు. ఆటో జీరో ఆన్‌లో ఉంటే ప్రతి కొలతకూ మీటరు తన సొంత సున్నాను కూడా ఓసారి కొలుచుకుంటుంది కాబట్టి దాదాపు 400. 10 వోల్టుల రేంజిలో అది 10 మైక్రోవోల్టుల రిజల్యూషన్ ఇస్తుంది. 100 పెడితే 3 మైక్రోవోల్టులు, కానీ కొలతకు నాలుగు సెకన్లు. ఎచ్చెర్ల అమ్మాయి చెప్పిన 2 సెకన్ల టైమవుట్ అక్కడే కొడుతుంది.

అయినా ఆ 3 మైక్రోవోల్టులు ఇతనికి అక్కరలేదు. చవక రిలే కాయిల్ వేడెక్కితే కాంటాక్టు దగ్గర పుట్టే థర్మల్ వోల్టేజే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. గదిలో వేడి మారినా సెల్ వోల్టేజి కదులుతుంది. దానికి బదులు మీటరు పక్కన ఓ థర్మామీటరు పెట్టి, అదే లైన్లో ఉష్ణోగ్రత కూడా రాయించుకోవడం ఎక్కువ ఉపయోగం. మీటరు ఆన్ చేశాక ఓ గంట వేడెక్కనివ్వాలి, స్పెసిఫికేషన్ అంకెలన్నీ ఆ గంట తర్వాతివే.

ఎచ్చెర్ల_పైథాన్

అన్నా, రిలే వేసిన వెంటనే రీడ్? పంపకు. కాంటాక్టు కాసేపు ఎగురుతుంది. డీసీ వోల్టేజికి ఎన్‌పీఎల్‌సీ 1 పైన మీటరు తనంతట తాను ఆగేది 1.5 మిల్లీసెకన్లే, రిలేకి అది చాలదు. ప్రోగ్రాంలో 100 మిల్లీసెకన్లు ఆగితే నిశ్చింత.

ఇంకోటి. రేంజి దాటితే మీటరు ఎర్రర్ ఇవ్వదు, 9.9 ఇంటూ పది టు ది పవర్ 37 అన్న అంకె పంపుతుంది. అది ఫైల్లో పడితే సగటు, గ్రాఫు అన్నీ పోతాయి. రాయకముందే పట్టుకుని ఆ గడిలో 'ఓవర్‌లోడ్' అని రాయించు.

మూడులాంతర్లు_బ్యాటరీ

పైడిభీమవరం అన్న చెప్పిన వరస పెట్టగానే టక్కు ఆగిపోయింది. ఎనిమిది సెల్స్ నాలుగైదు సెకన్లలో తిరిగేస్తున్నాయి. రాత్రంతా లాగ్ అయింది. పొద్దున్నే చూస్తే రెండో నంబరు సెల్ తేటగా దిగుతోంది. చేతి మీటర్లో అది ఇప్పటికీ 3.33 అనే చూపిస్తోంది!

కానీ ఒకటి అర్థం కావట్లేదు. ఐదు, ఆరు సెల్స్ రీడింగులు ఎప్పుడూ దగ్గర దగ్గర ఒకటే. ఐదు 3.33172 ఉంటే ఆరు 3.3317 అటూ ఇటూ. ఐదు కాస్త దిగితే ఆరు కూడా అంతే దిగుతోంది. రెండూ ఒకే ప్యాక్‌లోంచి వచ్చినవే కానీ, ఇంత కవలల్లా ఉంటాయా?

బొబ్బిలి_రేడియో

ఒకే ప్యాక్, ఒకే చార్జి, ఒకే వయసు అయితే ఉండొచ్చు కదండీ. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజి మధ్యలో బల్లపరుపుగా ఉంటుంది. రెండు సెల్స్ చార్జిలో తేడా ఉన్నా వోల్టేజిలో కనబడదు.

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు

బొబ్బిలి గారూ, దగ్గరగా ఉండొచ్చు. రాత్రంతా ఆఖరి అంకెలతో సహా కలిసి కదలడం మాత్రం అనుమానమే. తమ్ముడూ, ఇన్‌పుట్:ఇంపెడెన్స్:ఆటో ఆఫ్ పెట్టి ఆ రెండే చదివి, ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు.

మూడులాంతర్లు_బ్యాటరీ

ఐదు 3.331 వచ్చింది. ఆరు 0.0004!!

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు

ఆరో చానెల్ తీగ తెగింది, లేదా రిలే పట్టట్లేదు. నువ్వు రాత్రంతా ఆరో గడిలో రాసింది ఐదో సెల్ వోల్టేజే.

ఎలాగంటే, ఆటో ఆన్‌లో ఈ మీటరు 100 మిల్లీవోల్టు, 1, 10 వోల్టుల రేంజుల్లో ఇన్‌పుట్‌ని 10 గిగాఓమ్‌లకు పైన పెడుతుంది. టెస్ట్ లీడ్లు, రిలే బోర్డు, మీటరు ఇన్‌పుట్ అన్నీ కలిపి ఓ 200 పికోఫారడ్ల కెపాసిటర్ అనుకో. ఐదో సెల్ దానికి 3.33 వోల్టులు నింపింది. ఆ రిలే తీశావు. ఆరో రిలే వేశావు, అటు ఏమీ తగలలేదు. ఆ 200 పికోఫారడ్లు 10 గిగాఓమ్‌ల మీదుగా ఖాళీ కావడానికి టైమ్ కాన్‌స్టంట్ 2 సెకన్లు. నీ కొలత అర సెకనులోపే అయిపోతుంది. 10 గిగా అన్నది కనీసం మాత్రమే, నిజంగా ఇంకా ఎక్కువ ఉంటుంది, అందుకే అంత బాగా నిలబడింది. ఆటో ఆఫ్‌లో 10 మెగాఓమ్‌లు. అప్పుడు టైమ్ కాన్‌స్టంట్ 2 మిల్లీసెకన్లు, నువ్వు ఆగే 100 మిల్లీసెకన్లలో మొత్తం దిగిపోయి సున్నా కనబడుతుంది.

రాజాం_మాస్టారు

ఈ ఒక్క పోస్టు మా పాత విద్యార్థులందరికీ పంపుతాను బాబూ. మీటరు ఎర్రర్ ఇవ్వలేదు, ఫైల్లో ఖాళీ గడి లేదు, అంకె కూడా నమ్మేలాగే ఉంది. ఇలాంటి లోపాన్ని పట్టడానికి మీటరును రెండు రకాలుగా అడగడం మంచి మార్గం.

బొబ్బిలి_రేడియో

అర్థమైంది, వివరంగా చెప్పారు. మరి అలాంటప్పుడు 10 మెగాఓమ్‌ల మీదే ఎప్పుడూ వదిలేస్తే పోలేదా? సెల్ లాంటి బలమైన సోర్సుకు 10 మెగాఓమ్‌లు ఏపాటి లోడు? 3.3 వోల్టులకు 0.33 మైక్రోయాంపులు. ఇరవై నాలుగు గంటలూ తగిలించినా 8 మైక్రోయాంప్-అవర్లు. సెల్‌కు తెలియను కూడా తెలియదు.

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు

సెల్‌కు నేరుగా తగిలిస్తే మీరన్నది నిజం. కానీ నేరుగా తగిలించకూడదనే నా మాట. ఏదో ఒక రిలే అతుక్కుపోయి, రెండోది పడితే రెండు సెల్స్ సన్న తీగల మీదుగా కలిసిపోతాయి. అందుకని ప్రతి పాజిటివ్ తీగకూ సెల్ దగ్గరే 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టుకోవాలి. అప్పుడు 50 మిల్లీవోల్టుల తేడా ఉన్న సెల్స్ కలిసినా పారేది 25 మైక్రోయాంపులే.

ఆ రెసిస్టర్ పెట్టాక 10 మెగాఓమ్‌లతో చదివితే పదివేలలో ఒక వంతు తగ్గి కనిపిస్తుంది. 3.3 వోల్టులకు అది 0.33 మిల్లీవోల్టు. 10 గిగాఓమ్‌లతో అయితే మైక్రోవోల్టులో మూడో వంతు. అందుకే కొలతకు ఆటో ఆన్, తీగల పరీక్షకు ఆటో ఆఫ్, రెండూ వాడమంటున్నాను.

ఎచ్చెర్ల_పైథాన్

కానీ సార్, అన్నయ్యకు కావలసింది సెల్ దిగడం మాత్రమే కదా. 0.33 మిల్లీవోల్టు అన్ని సెల్స్‌కీ, అన్ని రోజులూ ఒకేలా తగ్గుతుంది. నిన్నటిలోంచి ఇవాళ్టిది తీసేస్తే ఆ తప్పు పోతుంది. ఎప్పుడూ 10 మెగాఓమ్‌లే ఉంచితే తీగ తెగడం వెంటనే సున్నాగా కనబడుతుంది, కమాండు కూడా ఒకటి తగ్గుతుంది.

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు

చెల్లీ, ఆ లెక్క ఒప్పుకుంటాను. కేవలం దిగడం చూసుకునే పనికి నీ పద్ధతే తేలిక, దానికే నా ఓటు. ఏ రెండు సెల్స్ జత కలపాలో వోల్టేజి చూసి తేల్చేటప్పుడు, లేదా రెసిస్టర్లు ఒకటి 1 కిలో, ఇంకోటి 2.2 కిలో అన్నట్టు చేతికి దొరికినవి పెట్టినప్పుడు ఆటో ఆన్ కావాలి.

పలాస_రిపేర్లు

ఇదంతా విడి సెల్స్‌కి. సిరీస్‌లో ఉన్న ప్యాక్‌ని ఇలగే రిలేలతో చదివేద్దాం అని ఎవరూ దిగకండి బాబూ. అక్కడ నెగటివ్ అందరికీ ఒకటి కాదు. ప్రతి సెల్‌కీ రెండు వైపులా రిలే ఉండాల. ఒకటి పూర్తిగా తెరుచుకున్నాకే ఇంకోటి పడాల. లేకపోతే సెల్ నేరుగా షార్టు. ప్రతి తీగకీ సెల్ దగ్గరే ఫ్యూజు. మా దగ్గరికి కాలిపోయిన రిలే బోర్డులు వస్తంటాయి, ట్రాక్ మొత్తం లేచిపోయి ఉంటది. చూస్తే గుండె ఝల్లుమంటది.

మరేటి, ప్యాక్ మొత్తం 51 వోల్టులు చదివేటప్పుడు మీటరు 100 రేంజికి వెళ్తది. అక్కడ ఆటో ఆన్ ఇచ్చినా 10 మెగాఓమ్‌లే. గమనించుకోండి.

మూడులాంతర్లు_బ్యాటరీ

ఆరో చానెల్ విప్పి చూశాను. రిలే బాగానే ఉంది. స్క్రూ టెర్మినల్‌లో తీగ కొసంతా పచ్చగా తుప్పు పట్టింది, లాగితే చేతిలోకి వచ్చేసింది. కొసలన్నీ కత్తిరించి, కొత్త ఫెరూల్స్ (తీగ కొసకు నొక్కే లోహపు తొడుగులు) కొట్టి, 1 కిలోఓమ్ రెసిస్టర్లు కూడా పెట్టేశాను. చెల్లి చెప్పినట్టు 10 మెగాఓమ్‌ల మీదే నడుపుతున్నాను. ఆరో సెల్ అసలు వోల్టేజి ఐదు కన్నా బాగా తక్కువ!

ఇంకో చిక్కు. నిన్న రాత్రి గాలీవానా, కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది, మీటరు ఆగిపోయింది. కరెంటు వచ్చాక కూడా లాగ్ మళ్లీ మొదలవలేదు.

రాజాం_మాస్టారు

మన వైపు అది తప్పదు బాబూ. తిత్లీ లాంటి తుపాను అక్కర్లేదు, మామూలు వేసవి గాలికే లైను పోతుంది. మీటరుకు పవర్ పోతే కాన్ఫిగరేషన్ అంతా పోతుంది. బాడ్ రేటు, ఇంటర్‌ఫేస్ ఎంపిక మాత్రం నిలిచి ఉంటాయి. తిరిగి లేచినప్పుడు లోకల్ మోడ్, ఆటోరేంజి. నీ ప్రోగ్రాం రీడ్? పంపితే అది 550 అని తనలో తాను రాసుకుని ఊరుకుంటుంది.

ఎచ్చెర్ల_పైథాన్

అన్నా, మేము చేసేది ఇది. రీడ్?కి టైమవుట్ వస్తే ప్రోగ్రాం ఆగిపోకుండా పట్టుకుంటాం. కంట్రోల్-సీ అక్షరం ఒకటి పంపుతాం, సీరియల్ మీద అది డివైస్ క్లియర్ లాంటిది, సగంలో ఉన్న పని, మిగిలిపోయిన జవాబు తుడిచేస్తుంది. తర్వాత *ఐడీఎన్? పంపుతూ జవాబు వచ్చేదాకా నిమిషానికోసారి అడుగుతాం. వచ్చాక మళ్లీ మొత్తం వరస, సిస్టమ్:రిమోట్ నుంచి సిస్టమ్:ఎర్రర్? దాకా. అందుకే ఆ వరసను ఒకే ఫంక్షన్‌గా రాసి పెట్టుకోవాలి.

కరెంటు వచ్చిన సమయం కూడా ఫైల్లో ఒక లైను రాయించు. ఆ తర్వాతి గంట రీడింగులు మీటరు వేడెక్కుతున్నప్పటివి, పోలికలో కలపకూడదు. ఫైలును ప్రతి లైను తర్వాత ఫ్లష్ చేయి, అంటే వెంటనే డిస్కు మీదకి రాయించు.

బొబ్బిలి_రేడియో

ఇదే పని నా దగ్గరున్న కీత్లీ 2000 మీటరుతో చేయొచ్చా? దానికీ సీరియల్ ఉంది.

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు

చేయొచ్చండీ. అది కూడా ఎస్‌సీపీఐ మీటరే. కాన్ఫిగర్, రీడ్?, ఎన్‌పీఎల్‌సీ అన్నీ ఉంటాయి. రెండు తేడాలు: దానికి నల్ మోడెమ్ కాదు, నేరు కేబుల్ కావాలి. జీపీఐబీలో అయితే ఫ్యాక్టరీ అడ్రస్ 22 కాదు, 16.

పలాస_రిపేర్లు

నా దగ్గర కొత్త 34461ఏ మీటరు, నెట్‌వర్క్ తీగతో. సీరియల్ గోలే లేదు. పోర్టు 5025కి సాకెట్ తెరిచి అవే కమాండ్లు పంపడమే, పాతదానికి రాసినవి చాలామటుకు అలగే నడుస్తాయి. ఒకటే అనుమానం. రాత్రి పూట రీడింగులు మీటరులోనే దాచి పొద్దున్న ఒకేసారి తీసుకోవచ్చా? ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లాల.

పైడిభీమవరం_ఇన్‌స్ట్రు

ఒకే సెల్ అయితే కుదురుతుంది. శాంపుల్:కౌంట్, ట్రిగ్గర్:డిలే పెట్టి ఇనీషియేట్ పంపితే రీడింగులు మీటరు మెమరీలోకి వెళ్తాయి, తర్వాత ఫెచ్? పంపి మొత్తం తీసుకోవచ్చు. పాత 34401ఏలో 512 రీడింగులే పడతాయి. నిమిషానికొకటి అయితే ఎనిమిదిన్నర గంటలు. నీ కొత్తదానిలో ఇంకా చాలా పడతాయి. కానీ ఈ తమ్ముడిలా రిలేలు తిప్పాలంటే ఎవరో ఒకరు రిలేకి చెప్పాలి కాబట్టి కంప్యూటరు ఉండాల్సిందే.

మూడులాంతర్లు_బ్యాటరీ

అందుకే పాత సింగిల్ బోర్డు కంప్యూటరు ఒకటి దానికే కేటాయించాను, మీటరుతో పాటు చిన్న ఇన్వర్టరు మీద పెట్టాను. అందరూ చెప్పినవి కలిపి నేనిప్పుడు నడుపుతున్న వరస, నాలాగా వెతికేవాళ్ల కోసం:

మొదట, కరెంటు పోయి వచ్చాక కూడా: సిస్టమ్:రిమోట్, *ఆర్‌ఎస్‌టీ, *సీఎల్‌ఎస్, కాన్ఫిగర్:వోల్టేజ్:డీసీ 10, సెన్స్:వోల్టేజ్:డీసీ:ఎన్‌పీఎల్‌సీ 10, ఇన్‌పుట్:ఇంపెడెన్స్:ఆటో ఆఫ్, ఆపైన సిస్టమ్:ఎర్రర్? +0 వచ్చేదాకా.

లూప్‌లో: అన్ని రిలేలూ తీయి, కొంచెం ఆగు, ఒకటి వేయి, 100 మిల్లీసెకన్లు ఆగు, రీడ్?, సమయం, ఉష్ణోగ్రత, వోల్టేజి రాయి, ఫ్లష్. 2 వోల్టుల కన్నా తక్కువ వస్తే 'తీగ చూడు' అని రాయి. రౌండు చివర సిస్టమ్:ఎర్రర్? మళ్లీ ఓసారి.

రెండో, ఆరో సెల్స్ పక్కన పెట్టేశాను. మిగతావాటితో ప్యాక్ కడుతున్నాను. ఆటో అతనికి రేపు ఇస్తానని చెప్పాను.

రాజాం_మాస్టారు

బాగుంది బాబూ. మూసే ముందు ఇంకొక్కటి. పగలు షాపులో మీటరు చేత్తో వాడాలంటే ప్రోగ్రాం చివర సిస్టమ్:లోకల్ పంపు. సిస్టమ్:ఆర్‌డబ్ల్యూలాక్ మాత్రం వాడకు, అది ముందు ప్యానెల్‌లో లోకల్ బటన్‌తో సహా అన్నీ బిగించేస్తుంది.